మొక్కల లెక్క సరే, నీడ లెక్క ఏది?

(తిరుపతిలో ఒక కాలనీ సంక్షేమ సంఘం వాళ్ళు ఆదివారం సాయంత్రం పెట్టుకున్న సమావేశంలో, డిగ్రీ కాలేజీలో బోటనీ చెప్పి రిటైరైన మాస్టారు ఒకరు మాట్లాడిన మాటలివి. రికార్డింగు విని రాశాం. కరెంటు పోయిన అయిదు నిమిషాలు తప్ప మిగతాదంతా ఉంది.)

అందరికీ నమస్కారం. వెనక వరసకు వినబడతా ఉందా? చెయ్యెత్తండి. ఆ, సరే.

"అశోకుడు రోడ్డుకు ఇరువైపులా చెట్లు నాటించెను." ఈ వాక్యం బట్టీ పట్టకుండా బడి దాటినవాళ్ళు ఈ హాల్లో ఎవరైనా ఉన్నారా? (నవ్వులు) లేరు కదా. నేనూ పట్టాను, మార్కూ తెచ్చుకున్నాను. నాటించెను, ఫుల్‌స్టాప్. చాలా ఏళ్ళ తరువాత, ఇంతకీ ఆ రాజు ఏమన్నాడో చూద్దామని వెతికాను. ఢిల్లీలో తోప్రా స్తంభం అని ఒకటుంది. దాని మీద ఏడో శాసనంలో ఉంది ఆ మాట. దారుల వెంట మర్రిచెట్లు పెట్టించాను, పశువులకూ మనుషులకూ నీడ ఉంటుందని, అంటాడు. మామిడితోపులు కూడా వేయించానంటాడు. ఎన్ని చెట్లో అంకె మాత్రం చెప్పడు. ఎందుకో చెప్పాడు. మన పాఠం రాసినాయన ఆ నీడను వదిలేసి 'నాటించెను' ఒక్కటి పట్టుకున్నాడు. మన ఆఫీసులు కూడా అప్పటినుంచి అదే పట్టుకుని ఉన్నాయి.

ముందు నా తప్పు నేను చెప్పుకుంటా. నేను పనిచేసిన కాలేజీలో ఒక ఏడాది జూన్ 5న, పర్యావరణ దినోత్సవం నాడు, 300 మొక్కలు నాటించాం. బ్యానరు, పెద్దమనుషులు, ఫొటోలు, పిల్లలకు బిస్కెట్లు, అన్నీ ఉన్నాయి. రిపోర్టు రాసింది నేనే. "300 మొక్కలు నాటడమైనది" అని. మూడు ఎండాకాలాలు గడిచాక ఒకరోజు ఏమీ తోచక గ్రౌండంతా తిరిగి లెక్కపెట్టాను. పంతొమ్మిది ఉన్నాయి. అందులో రెండు మేం నాటినవి కావు, కాకులు వేసిన వేపలు. (నవ్వులు) ఫైల్లో ఇప్పటికీ 300 అనే ఉంది. కొట్టేసి 17 అని రాసే ధైర్యం నాకు లేకపోయింది. రాయమని అడిగినవాళ్ళూ లేరు. మొక్కు తీర్చుకున్నట్టు మొక్క నాటేసి వెళ్ళిపోయాం. కొండకెళ్ళి దండం పెట్టుకుని వచ్చాక మళ్ళీ హుండీ వైపు చూడం కదా, అట్లా.

అందుకే రిటైరయ్యాక ఎనిమిదిమంది పిల్లల్ని వెంటేసుకుని ఒక వీధిని కొలిచాను. వీధి పేరు చెప్పను, చెబితే అక్కడివాళ్ళు ఇంటికొస్తారు. సామాను పెద్దగా ఏం లేదు. దర్జీ టేపు ఒకటి, మేస్త్రీలు వాడే పొడుగు టేపు ఒకటి, సుద్దముక్కలు, నోటుపుస్తకం. చెట్టు లావు కొలవాలంటే నేల మీద నుంచి 1.37 మీటర్ల ఎత్తులో చుట్టు పట్టాలి. నాలుగున్నర అడుగులన్నమాట, అడవోళ్ళు దాన్నే రొమ్ము ఎత్తు అంటారు. అది మానుకు కొలత. నీడకు కొలత వేరే. చెట్టు గొడుగు అంచు ఎక్కడ ఆగిందో తలెత్తి చూసుకుని, సరిగ్గా దాని కింద నేల మీద సుద్దతో గీత పెట్టాలి. ఎదురు వైపు ఇంకో గీత. మధ్య దూరం కొలవాలి. మళ్ళీ అడ్డంగా అట్లాగే. రెండూ కలిపి సగం చేస్తే గొడుగు వెడల్పు.

ఆ వీధి మలుపులో పెద్ద కానుగ మాను ఉంది. కింద టెంకాయబోండాల బండి. మేం టేపు పరిచేసరికి ఆయన కత్తి కింద పెట్టి లేచొచ్చాడు. "ఏం సార్, మాను కొట్టేస్తారా ఏంది? నా బ్యారమంతా దీని కిందే గదా." కొలుస్తున్నామంతే, కొట్టేది లేదంటే నమ్మలేదు. టేపు పట్టుకుని వచ్చినోడు కొట్టకుండా పోయింది ఆయనెప్పుడూ చూడలేదు మరి. నేల మీద చూస్తే ఆయన బండి చక్రాల గాడి రెండు చోట్ల పడి ఉంది. పొద్దున నీడ పడమటికి పడుతుంది, బండి అక్కడ. మధ్యాహ్నం తిరిగాక తూర్పు పక్కకు లాక్కుంటాడు. నీడ ఎంత దూరం నడుస్తుందో ఆయన చక్రాలు నాకంటే ముందే కొలిచిపెట్టాయి.

ఆ కానుగ గొడుగు తూర్పు పడమరలు 11.2 మీటర్లు. ఉత్తర దక్షిణాలు 8.4. ఎందుకు తగ్గిందంటే ఉత్తరం పక్క కరెంటు తీగలున్నాయి, అటు నరికేశారు. సగటు 9.8. లెక్క కడితే 75 చదరపు మీటర్ల నీడ. సెంట్లలో చెప్పాలంటే రెండు సెంట్లకు కాస్త తక్కువ. తిరుపతిలో రెండు సెంట్ల జాగా ఎంత పలుకుతుందో మీకు నాకన్నా బాగా తెలుసు. అంత జాగాను ఆ చెట్టు ఊరికే పైన పరిచి పెట్టింది.

రోడ్డుకు అవతల పక్క, పచ్చ రంగు గార్డుల్లో 22 మొక్కలున్నాయి. ఒక్కోదాని గొడుగు రెండడుగులు. అన్నీ కూడితే 6 చదరపు మీటర్లు. మూడు చాపలు పరిచినంత. ఇప్పుడు రిజిస్టరు తెరవండి. ఇటు పక్క 1, అటు పక్క 22. రోడ్డు వెడల్పు చేయడానికి ఆ ఒక్కటీ కొట్టి, బదులుగా పది నాటుతామంటే, కాగితం మీద మనకు తొమ్మిది లాభం! నేల మీద బండి ఎక్కడ పెట్టుకోవాలో ఆ బోండాలాయన్ని అడగండి. పది మీటర్ల గొడుగును మీటరు గొడుగులతో పూడ్చాలంటే వంద కావాలి. అదీ పరుపుకే. ఆకు దళసరిని కూడా కలిపితే వంద కూడా చాలవు.

కదిరి పక్కన తిమ్మమ్మ మర్రిమాను చూసినవాళ్ళెవరైనా ఉన్నారా? ఆ, మీరా అమ్మా. 1989లో గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. దాని పందిరి 19,107 చదరపు మీటర్లు, అంటే నాలుగు ఎకరాల డెబ్భై సెంట్ల పైన. చెట్ల జనాభా లెక్క తీసే గుమాస్తా దాన్ని ఎంతని రాస్తాడు? ఒకటి. (నవ్వులు)

చెట్లు లెక్కపెట్టడం దండగని నేననడం లేదు. మహారాష్ట్రలో 1975 నాటి పట్టణ చెట్ల చట్టం అయిదేళ్ళకోసారి చెట్ల గణన చేయమంటుంది. మనకు 2002 నాటి వాల్టా చట్టం ఉంది, అది కొట్టడానికి అనుమతి గురించి మాట్లాడుతుంది. కొట్టేటప్పుడు ఎవరిని అడగాలో మనకు తెలుసు, ఉన్నవెన్నో ఎవరు చెప్పాలో తెలియదు. లెక్క ఉండాలి. కానీ లెక్కలో గొడుగు వెడల్పు అనే గడి కూడా ఉండాలి. అదొక్కటి చేర్చండి చాలు, రోడ్డు వేసేవాడి ఫైలు కూడా మారిపోతుంది.

ఇంక పై నుంచి చూసే సంగతి. ఈ పిల్లలకు దీని మీదే ఇష్టం, టేపు పట్టుకోమంటే ఎండ అంటారు. (నవ్వులు) ఉపగ్రహం చెట్టును ఎట్లా గుర్తుపడుతుందంటే, పచ్చరంగు చూసి కాదు. ఆకు తన వంటకు ఎర్ర వెలుగును మింగేస్తుంది. మన కంటికి ఆనని పరారుణ కాంతి దానికి పనికిరాదు, వెనక్కి కొట్టేస్తుంది. సిమెంటు అట్లా కాదు, రెండింటినీ ఇంచుమించు ఒకే తీరుగా వెనక్కి పంపుతుంది. ఈ రెండు వెలుగుల తేడాను, రెండింటి మొత్తంతో భాగించాలి. వచ్చేదాని పేరు ఎన్‌డీవీఐ, అది మైనస్ 1కీ ప్లస్ 1కీ నడుమ ఉంటుంది. ఎక్కువుంటే ఆకు దట్టంగా ఉన్నట్టు. ఇదంతా ఇంట్లో కంప్యూటరు మీదే చూసుకోవచ్చు, యూరప్ వాళ్ళ సెంటినెల్-2 ఫొటోలు ఉచితంగా దొరుకుతాయి.

చిక్కు ఎక్కడొస్తుందంటే చదరం దగ్గర. ఉపగ్రహం ముగ్గుచుక్కల్లాగా నేలను చదరాలు చదరాలుగా చూస్తుంది. మన దేశంలో అడవుల లెక్క తీసేది డెహ్రాడూన్‌లోని ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా. 1987 నుంచి రెండేళ్ళకోసారి రిపోర్టు ఇస్తోంది. వాళ్ళు చాలాకాలంగా వాడే మన ఉపగ్రహ చిత్రంలో ఒక చదరం 23.5 మీటర్లు. అంటే పదమూడున్నర సెంట్లు ఒక చుక్క. మన కానుగ రెండు సెంట్లే కదా. ఆ చుక్కలో మిగతా పదకొండున్నర సెంట్లు మిద్దెలు, రోడ్డు. చుక్క బూడిదరంగే చూపిస్తుంది, కానుగ అందులో కలిసిపోతుంది. సెంటినెల్ చదరం 10 మీటర్లు, రెండున్నర సెంట్లు. దాదాపు మన చెట్టంత. కానీ చెట్టు సరిగ్గా ఆ గడిలోనే మొలవాలని లేదుగా, నాలుగు గళ్ళ మీద తలా కాస్తా పడుతుంది.

వాళ్ళ నిర్వచనాలు కూడా తెలుసుకోండి, పేపర్లో వార్త చదివేటప్పుడు పనికొస్తాయి. ఒక హెక్టారు, అంటే రెండున్నర ఎకరాలు, దానికి మించిన జాగా, అందులో పందిరి 10 శాతం దాటితే దాన్ని అడవి కప్పు కింద రాస్తారు. జాగా ఎవరిదో, చెట్టు ఏదో అడగరు. 10 నుంచి 40 దాకా పలచన, 40 నుంచి 70 దాకా ఓ మోస్తరు, 70 దాటితే దట్టం. హెక్టారుకు లోపు ముక్కల్ని చెట్ల కప్పు అని వేరే రాస్తారు. 2023 రిపోర్టు ప్రకారం దేశంలో అడవి కప్పు 21.76 శాతం, చెట్ల కప్పు 3.41, కలిపి 25.17.

ఇప్పుడు మన చిత్తూరు జిల్లా రైతు మూడెకరాల్లో తోతాపురి వేశాడనుకోండి. ఆ మామిడితోట పై నుంచి చూస్తే ఏమిటి? అడవి! ఏనుగులూ చిరుతలూ ఏమీ లేవు, పురుగుమందు కొట్టే పంపుసెట్టు ఒకటుంది. గుజ్జు ఫ్యాక్టరీ రేటు ఇయ్యక ఆ రైతు విసిగిపోయి మానులు కొట్టించాడంటే, రిపోర్టులో అడవి తగ్గుతుంది. లెక్కలో తప్పేం లేదు, వాళ్ళు నిర్వచనం దాచిపెట్టలేదు. చదివేవాళ్ళం మనమే 'అడవి' అన్న మాట చూసి తలకోన అనుకుంటాం.

హైదరాబాదు సంగతి విన్నారా? 2021 రిపోర్టులో ఏడు మహానగరాలను విడిగా చూశారు. హైదరాబాదులో 2011లో 33.15 చదరపు కిలోమీటర్లున్న అడవి కప్పు 2021కి 81.81 అయింది. అహ్మదాబాదులో 17.96 ఉన్నది 9.41కి పడిపోయింది. హైదరాబాదు వాళ్ళను మెచ్చుకోవాల్సిందే. అయితే ఈ అంకెలో ఒక వీధి చివర మర్రి పోయిన సంగతి కనబడదు. హెక్టారుకు మించిన ముక్కలే ఇందులోకి వస్తాయి కాబట్టి పార్కులూ క్యాంపస్‌లూ కనబడతాయి. బస్టాపు దగ్గర నిలబడ్డ ముసలాయన నెత్తిన నీడ ఉందో లేదో ఈ లెక్క చెప్పదు.

(ఇక్కడ కరెంటు పోయింది.)

ఆ, వచ్చింది. చెట్ల గురించి మాట్లాడుతుంటే కరెంటోళ్ళకు కోపం వచ్చినట్టుంది, వాళ్ళ దగ్గరికీ వస్తా. (నవ్వులు)

తిరుపతికి ఇంకో తిరకాసు ఉంది. హద్దు ఎక్కడ గీస్తారు? ఉత్తరాన శేషాచలం గోడలాగా నిలబడి ఉంది. 1989లో నేషనల్ పార్కు, 2010లో బయోస్ఫియర్ రిజర్వు. దాని అంచు నాలుగు కిలోమీటర్లు హద్దులోకి లాగితే తిరుపతి దేశంలోనే పచ్చటి ఊరైపోతుంది. కపిలతీర్థం దగ్గర గీత కిందికి జరిపితే అంకె ధబీమని పడుతుంది. రెండూ నిజమే. 'మాది శేషాచలం నీడన ఉన్న ఊరు' అని ఉపన్యాసంలో అనొచ్చు. కానీ కొండ నీడ కొర్లగుంటలో మధ్యాహ్నం ఒంటిగంటకు పడదు. ఊళ్ళో కూడా చూడండి, పడమటి పక్క యూనివర్సిటీ, వ్యవసాయ కళాశాల, వెటర్నరీ, మహిళా యూనివర్సిటీ, అన్నీ ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నాయి. ఎస్వీ యూనివర్సిటీ పెట్టింది 1954లో. అక్కడి మానులకూ వయసుంది. ఆ పచ్చదనాన్ని ఊరంతటికీ పంచి సగటు కడితే ఇరుకు సందుల వాళ్ళకూ కాగితం మీద వాటా వస్తుంది. అందుకని వార్డు వార్డుకీ విడిగా చెప్పండి అంటాను. సగటు తీసేవాణ్ణి నమ్మొద్దు.

ఇంకో మోసం కాలంతో వస్తుంది. మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. డిసెంబరులో పై నుంచి తీసిన ఫొటోలో ఖాళీ ప్లాటు కూడా పచ్చగానే ఉంటుంది. వయ్యారిభామ, గడ్డి, ఎండిన చెరువులో సర్కారు తుమ్మ, అన్నీ పచ్చే. మే నెలలో తీస్తే గడ్డి లేదు, కొన్ని చెట్లకు ఆకూ లేదు. ఒకాయన మేలో తీసి, ఇంకొకాయన డిసెంబరులో తీసి, 'పెరిగింది' అంటే ఏమనాలి? నేనైతే సంక్రాంతి దాటాక, శివరాత్రి లోపల చూడమంటాను. మబ్బుండదు, గడ్డి ఎండటం మొదలవుతుంది, చెట్టు మీద ఆకు ఇంకా నిలిచి ఉంటుంది. ఏ ఏడాదైనా అదే పక్షంలో చూడండి. తుమ్మ తీసేసి చెరువు బాగుచేస్తే ఆ ఏడు పచ్చదనం అంకె తగ్గుతుంది, దానికి గుండెలు బాదుకోనక్కర్లేదు. ఎందుకు తగ్గిందో పక్కన ఒక ముక్క రాసిపెట్టండి.

మరి వార్డు లెక్క మనమే తీయాలంటే? చాలా సులువు. అన్నం ఉడికిందో లేదో తెలియాలంటే కుండంతా పిసకం కదా, మెతుకు పట్టుకుని చూస్తాం. అదే. కంప్యూటరులో ఉపగ్రహ పటం తెరిచి, మీ వార్డు హద్దులో గుడ్డిగా 500 చుక్కలు వేయించండి. చుక్కల్ని కంప్యూటరే చల్లాలి. మనిషి చేత్తో వేస్తే తెలియకుండానే చెట్టు మీద వేస్తాడు, అది మనిషి గుణం. ఒక్కో చుక్కనూ దగ్గరికి లాగి చూసి, చెట్టు మీద పడిందా, మిద్దె మీదా, రోడ్డు మీదా, గడ్డి మీదా అని రాసుకుంటూ పోవాలి. ఇద్దరు పిల్లలు రెండు సాయంత్రాలు కూర్చుంటే అయిపోతుంది. 500లో 100 చెట్టు మీద పడితే పందిరి 20 శాతం.

ఇక్కడ జాగ్రత్త. మెతుకుల లెక్కకు కొంచెం అటూ ఇటూ ఉంటుంది. 500 చుక్కలకు 20 శాతం వచ్చిందంటే, అసలుది పదహారున్నరకీ ఇరవైమూడున్నరకీ మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. 2,000 చుక్కలు వేస్తే ఆ ఊగిసలాట సగానికి తగ్గుతుంది. అందుకని పైయేడు 21 వచ్చిందని బ్యానరు కట్టకండి, 19 వచ్చిందని ధర్నాకీ కూర్చోకండి. పెరిగిందా తగ్గిందా అన్నది తేలాలంటే, మొదటి ఏడాది వేసిన చుక్కల్నే దాచుకుని మళ్ళీ మళ్ళీ వాటినే చూడాలి. నిరుడు చెట్టు, ఇప్పుడు మిద్దె అయిన చుక్కలెన్ని? నిరుడు మట్టి, ఇప్పుడు చెట్టయినవెన్ని? అక్కడ దొరుకుతుంది అసలు కథ. పోయిన ప్రతి చుక్క దగ్గరికీ నడిచి వెళ్ళొచ్చు. ఎదురింటి వాళ్ళను అడిగితే ఎప్పుడు, ఎవరు కొట్టారో టీ ఇచ్చి మరీ చెబుతారు.

ఎంత ఉంటే చాలు అని అడుగుతారు. కొనినెండైక్ అనే వృక్ష నిపుణుడు 2021లో ఒక కొండగుర్తు చెప్పాడు. ప్రతి ఇంటి కిటికీ నుంచీ 3 చెట్లు కనబడాలి, ప్రతి పేటలో 30 శాతం పందిరి ఉండాలి, 300 మీటర్ల నడకలో పార్కు ఉండాలి. మన కార్పొరేషను పాత హద్దుల్లో సుమారు 27 చదరపు కిలోమీటర్లు. అందులో 30 శాతం అంటే 8.1. మన కానుగ కన్నా కాస్త పెద్దది, వంద చదరపు మీటర్ల గొడుగున్నది, అట్లాంటివి 81,000 కావాలి. ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా! నాకూ భయమేసింది లెక్క కట్టాక. పట్టుకొచ్చి నాటేసే అంకె కాదది. ఉన్న పెద్ద మానుల్ని పోగొట్టుకోకుండా ఉంటేనే ఎప్పటికైనా దాని దరిదాపుల్లోకి వెళ్తాం.

మన ఊరికి ఇది అవసరమా అనేవాళ్ళకు ఒకటే చెబుతా. చెప్పుల్లేకుండా నడిచే ఊరు మనది. ఏప్రిల్ మధ్యాహ్నం పాదయాత్ర వాళ్ళు అలిపిరి వైపు నడుస్తుంటే చూడండి. రోడ్డుకు ఎడమ పక్క చెట్టుంటే ఎడమకు, కుడి పక్కుంటే కుడికి, బస్సుల మధ్య నుంచి పరుగు పెట్టి మరీ మారతారు. ఆ అరికాళ్ళు ఎక్కడ పరుగు తీస్తాయో, ఎక్కడ నెమ్మదిస్తాయో కాగితం మీద గీసుకుంటే చాలు, ఎక్కడ చెట్టు లేదో పటం వచ్చేస్తుంది. కొండ మీద మాడవీధుల్లో చలువ రంగు వేస్తారు. అక్కడ స్వామివారి వాహనాలు ఊరేగాలి, చెట్టు పెట్టలేం. కింద ఊళ్ళో రోడ్డంతా రంగేస్తామా?

సరే, ఉన్నదాన్ని కాపాడుకోవడం. మా కానుగ దగ్గరికే మళ్ళీ వస్తా. దాని మొదట్లో సిమెంటు బిళ్ళలు మానుకు ఆనించి పరిచేశారు. మీ పెరట్లో కొబ్బరిచెట్టుకు పాదు చేస్తారా లేదా? రోడ్డు మీది చెట్టుకు మాత్రం పాదు అక్కర్లేదని ఎవరు చెప్పారు? వేరుకు నీళ్ళెంత కావాలో గాలీ అంతే కావాలి. ఢిల్లీలో 2013లో గ్రీన్ ట్రిబ్యునల్ చెట్టు చుట్టూ ఒక మీటరు మేర కాంక్రీటు తీసేయమని ఆదేశించింది. మనం ఒక ఆదివారం గడ్డపారతో నాలుగు బిళ్ళలు లేపాం. కింద మట్టి తడి లేకుండా, గట్టిపడి ఇటుకలాగా ఉంది. రెండు బిందెలు పోస్తే బుడగలు వస్తూ లోపలికి దిగింది, పిల్లలు కూర్చుని చూశారు. 2021 నవంబరులో మన వీధులు ఏరులైన సంగతి మరిచిపోలేదు కదా. మీటరు పాదుతో ఆ వరద ఆగేదని చెప్పను, అబద్ధమవుతుంది. మామూలు వానకైతే ఆ నీళ్ళు కాలవకు పోకుండా నేలలోకి దిగుతాయి.

మొక్కకు కట్టిన ఇనుప గార్డు ఎవరూ తీయరు. మొక్క మానైపోతుంది, గార్డు దాని ఒంట్లోకి దిగుతుంది. బోర్డులకు మేకులు, సీరియల్ బల్బులకు తీగ చుట్లు. తీగ చుట్టు బిగిస్తే బెరడు కింద ఆకుల నుంచి దిగే తిండి ఆగిపోతుంది, వేరు పస్తుంటుంది. ఇంక కేబులు కోసమో కాలవ కోసమో ఒక పక్క వేర్లన్నీ కోసేస్తారు. మరుసటి గాలివానకు అది అటు పక్కకు పడుతుంది. 'గాలికి పడింది' అని రాస్తారు. గాలి ఏం చేసింది పాపం.

కరెంటోళ్ళ దగ్గరికి వస్తా అన్నాను. వాళ్ళ పని వాళ్ళు చేయాలి, తీగ మీద కొమ్మ పడితే ప్రాణాలు పోతాయి. కానీ తిరుపతికి వచ్చిన మనుషులకు గుండు మొక్కు, చెట్లకేం మొక్కు ఉందని ప్రతి ఏడూ గుండు కొడతారు? (నవ్వులు, చప్పట్లు) నడినెత్తిన నరికిన చోట నుంచి చీపురుకట్టలాగా సన్న కొమ్మలు లేస్తాయి. వాటికి పట్టుండదు, రెండేళ్ళలో మళ్ళీ తీగ దాకా వస్తాయి, అవే విరుగుతాయి. కొమ్మ తీయడానికి పద్ధతుంది. మొదట కింద నుంచి కొంచెం కోత పెట్టాలి, లేకపోతే కొమ్మ బరువుకు బెరడు కిందిదాకా చీలిపోతుంది. తరువాత దానికి జానెడు బయటగా పై నుంచి కోయాలి, కొమ్మ పడిపోతుంది. మిగిలిన మోడును మొదట్లో ఉబ్బెత్తుగా ఒక కట్టు ఉంటుంది చూడండి, ఆ కట్టు తెగకుండా దాని బయట కోయాలి. గాయం తనే పూడ్చుకుంటుంది. ఇది నేర్పడానికి ఒక పూట చాలు. ఇంకా మేలు ఏమిటంటే, తీగ కింద నిద్రగన్నేరు నాటకుండా ఉండడం. పొగడలాంటివి పెట్టండి, నిదానంగా పెరుగుతాయి.

మొక్కై వంగనిది మానై వంగునా అని పిల్లల్ని తిట్టడానికి వాడతాం గానీ, ఆ మాట అసలు చెట్లకే పనికొస్తుంది. మొక్క వేలెడు లావున్నప్పుడే రెండు తలలుంటే ఒకటి గిల్లేయండి, కింది కొమ్మలు మెల్లగా తీసుకుంటూ పైకి లేపండి. చేతికత్తెరతో అయిపోయే పని. ఇరవై ఏళ్ళు వదిలేస్తే క్రేను పిలవాలి.

నాటడం మీద రెండే మాటలు. జూన్ 5 ఎండలో నాటడం మానేద్దాం. ఆ రోజు కావాలంటే గుంతలు తీయండి, ఫొటోలు కూడా తీసుకోండి. మొక్క మాత్రం వినాయకచవితి తరువాత, దీపావళి లోపల పెట్టండి, వెనకే పెద్ద వానలున్నాయి. తరువాత మూడు వేసవులు వారానికి రెండు బిందెలు, నెమ్మదిగా, లోతుకు దిగేట్టు. రోజూ చెంబెడు పోస్తే వేర్లు పైపైనే తిరుగుతాయి. ఏ చెట్టంటే కానుగ, వేప, నేరేడు, పొగడ, జాగా ఉంటే రావి. త్వరగా పెరుగుతుందని కోనోకార్పస్ బారులు తీరి పెట్టారు చాలా ఊళ్ళలో. గుజరాత్ ప్రభుత్వం 2023లో నాటొద్దని నిషేధించింది. ఎర్రచందనం పెడతామని మొన్న ఒకాయన అడిగాడు. మన కొండల చెట్టే, గొప్పదే. కానీ స్వామీ, నీకు కావాల్సింది నీడా, మీ మనవడికి ఆస్తా? (నవ్వులు)

ఇక్కడితో ఆపుదామనుకున్నా గానీ, సభకు ముందు ముందు వరసలో కూర్చున్న పెద్దమ్మ నన్ను పట్టుకుంది. "నీకేం నాయనా, నీడా నీడా అంటావు. మాఘమాసం నుంచి కానుగాకు ఊడ్చేది నేను గదా. ముగ్గేసేలోపల మళ్ళీ రాలతాది. నడుం పోతా ఉంది" అంది. నేను జవాబు చెప్పలేకపోయాను. ఇంతసేపు చెట్టు గొడుగును సెంట్లలో కొలిచానే, దాని ఆకును ఎవరు ఎత్తుతున్నారన్నది నా నోటుపుస్తకంలో ఒక్క చోటా లేదు. వీధిలో చెట్టు కొట్టించినవాళ్ళలో సగంమంది చెప్పిన కారణం ఇదే. ఊడ్చలేక. చెత్త బండివాళ్ళు ఆకు ఎక్కించుకోరు, తగలబెడితే పొగ, కాలవలో తోస్తే వానకు అడ్డం.

మా నాయన కాలంలో ఇదే కానుగాకును బండ్లు కట్టుకుని పోయి తెచ్చి వరిమడిలో వేసి తొక్కేవాళ్ళు. ఎరువు కొనే పని లేదు. కాలనీ పార్కులో ఆ మూల రెండు గుంతలు తీస్తే ఆకంతా అందులో పడుతుంది, ఏడాది తిరిగేసరికి మొక్కలకు ఎరువవుతుంది. గుంతలు నేనూ పిల్లలూ తీస్తాం. ఇళ్ళ ముందు నుంచి గోతాలు ఏ వారం ఎవరు ఎత్తుకొస్తారన్నది మాత్రం ఇప్పుడే, అందరూ ఉండగానే తేలాలి. మైకు పెద్దమ్మకివ్వండి.